జోడు కోటు

పెదాల మధ్య నుంచి ఒక గుండుసూది లాగి గౌను అంచులో గుచ్చి, సూదిపిన్ని మోకాళ్ళ మీదే ఇంకో జానెడు పక్కకి జరిగింది. గౌనులో ఉన్నది హీరోయిన్ కాదు, చెక్కబొమ్మ. హీరోయిన్ వచ్చేసరికి మధ్యాహ్నమవుతుంది. బొమ్మ పొద్దున్నుంచీ నిలబడే ఉంటుంది, కదలదు, ఫోన్లో మాట్లాడదు. అందుకే సూదిపిన్నికి బొమ్మంటేనే ఎక్కువ గౌరవం.

స్టూడియోలో దుస్తుల గది అంటే గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. అదొక రేకుల షెడ్డు. ఒక గోడ పొడుగునా ఇనపకమ్మీకి వందేళ్ళ కిందటి కోట్లూ గౌన్లూ వేలాడుతుంటాయి. అన్నీ కిందటి నెలలో కుట్టినవే. పాతవిగా కనపడాలని టీ డికాక్షన్లో ముంచి ఆరేశారు కాబట్టి గదంతా టీకొట్టు వాసన. రెండు కుట్టుమిషన్లు, ఒక ఇస్త్రీబల్ల, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను మెడ ఎప్పుడో పట్టేసింది. అది చూసేది ఇస్త్రీ బాబాయి వైపు ఒక్కటే.

సూదిపిన్నికి యాభై దాటాయి. పొట్టి మనిషి, చెవి వెనక సుద్దముక్క, మెడలో కొలతల టేపు, కత్తెర పట్టీ పట్టీ కాయకట్టిన బొటనవేలు. అసలు పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి ఎవరినబ్బా అని చూస్తుంది. నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ ఏదీ అడగరు, అడిగినా జవాబు కోసం ఆగరు. ఈ సౌకర్యం ఆమెకి పనిలో చేరిన కొత్తలోనే తెలిసింది. అప్పట్నుంచీ అభిప్రాయం చెప్పాల్సిన సమయం రాగానే నాలుగు సూదులు నోట్లో పెట్టుకుని "ఊఁ" అనేది. ఆ ఒక్క "ఊఁ"తో ఆమె ఎన్నో సినిమాలూ, ఇద్దరు తోడికోడళ్ళూ, ఒక అత్తగారూ దాటుకొచ్చింది.

ఆ "ఊఁ" ఈ మధ్యనే ఆమెను ముంచింది.

ఒక ఆదివారం సాయంత్రం ఇంట్లో మిషన్ ముందు కూర్చుని డ్రైవరు సీటులో వేసుకునే దిండుకి గలీబు కుడుతోంది. ఆమె భర్త బస్సు డ్రైవరు. ఎత్తైన మనిషి, వెడల్పు భుజాలు, గుబురు మీసం. అనవసరంగా హారన్ కొట్టని డ్రైవరని డిపోలో పేరు. ఆ మనిషి వచ్చి మిషన్ పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చెప్పారు.

"నేను ఆడదాన్ని. చిన్నప్పట్నుంచీ నాకు తెలుసు. చెప్పే ధైర్యం లేకపోయింది. ఇంక దాచలేను."

సూదిపిన్ని కాలు తొక్కుడుబల్ల మీద ఉంది. నోట్లో సూదులున్నాయి. "ఊఁ" అంది. సగం కుట్టులో ఆపితే దారం చిక్కుపడుతుంది కనక ఆ అంచు చివరిదాకా కుట్టేసింది. సూదులన్నీ తీసి డబ్బాలో వేసి, ఏమిటీ మాటలు అని అడుగుదామని వంటగదిలోకి వెళితే, అక్కడ ఆ మనిషి గిన్నెలు తోముతూ వెక్కివెక్కి ఏడుస్తున్నారు. బాధతో కాదు. గుండెమీంచి బండ దిగిన ఏడుపది. "నువ్వు ఊఁ అన్నావు చూడు, అది చాలు నాకు," అన్నారు సబ్బు చేతుల్తోనే.

ఆ మొహం చూశాక, నేను ఊఁ అన్నది మీకు కాదు, కుట్టుకి, అని ఏ నోటితో చెప్తుంది?

మర్నాడే మీసం పోయింది. పక్కింటి వదిన ప్రహరీ మీంచి చూసి, ఏదో మొక్కుబడి అనుకుంది. తర్వాత వారంలో ఆ మనిషే గోడ దగ్గరికి వెళ్ళి ఆవిడకి విషయం చెప్పేశారు. వదిన సూదిపిన్నిని పక్కకి పిలిచింది. "అది సరే. మరి నువ్వేమవుతావే?" అంది. ఆ ప్రశ్న పంటికింద రాయిలా అక్కడే ఉండిపోయింది. మొగుడు పోయినవాళ్ళకి ఒక పేరుంది, మొగుడు వదిలేసినవాళ్ళకి ఒక పేరుంది. మొగుడు ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ మొగుడు కాకుండా పోతే ఏమంటారో ఆమెకి తెలీదు. "మా ఆయన" అనబోతే మాట నాలిక చివర ఆగిపోతోంది. "మా ఇంట్లో మనిషి" అనడం మొదలుపెట్టింది. అందులో అబద్ధమేమీ లేదు.

డిపో మేనేజరుకి కూడా చెప్పారట. ఆయన కాగితాలు అటూ ఇటూ సర్ది, గొంతు సవరించుకుని, ఒకే ఒక్క సందేహం అడిగాడట: "యూనిఫాం కొలత మారుతుందా?" మారదంటే ఆయన మనసు కుదుటపడింది. ఆడ డ్రైవర్లున్న ఒక దూరపు డిపోకి బదిలీ చేయించాడు. అక్కడ మేనేజరు కూడా ఆడమనిషే. ఎలా ఉన్నవాళ్ళు అలాగే రండి, బస్సు సరిగ్గా తోలితే చాలు, అందట.

ఆ ప్రయాణం ఇవాళే. సాయంత్రం బస్సుకి.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరుతుంటే ఇంట్లో మనిషి గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డారు. "అక్కడ రెండు గదుల ఇల్లు చూశాను. మిషన్ పెట్టుకోవడానికి వెలుతురున్న కిటికీ ఉంది. వస్తే రా. రాకపోతే నాకు కోపం లేదు, ఒట్టు. కానీ సాయంత్రానికి ఒక్క మాట చెప్పు. ఊఁ అనకు. సూదులు తీసి చెప్పు."

సూదిపిన్ని అప్పటికే నాలుగు సూదులు నోట్లో పెట్టేసుకుంది. అలాగే తల ఊపి వచ్చేసింది.

ఇప్పుడు గౌను అంచు పూర్తి చేసి లేస్తుంటే మోకాళ్ళు టకటకమన్నాయి. ఇస్త్రీ బాబాయి పెట్టె కిందకి నీళ్ళు చిలకరిస్తూ ఈ సినిమా కథను విడమరుస్తున్నాడు. పొద్దున్నుంచీ ఇది మూడోసారి. ఆయనకి కథ నచ్చలేదు, చెప్పకుండా ఉండలేడు.

"పూర్వకాలంలో ఒకాయనకి పెళ్ళవుతుంది. ఆయన మగాడు కాదు, ఆడమనిషి. లోపల. పెళ్ళాంతో చెప్తాడు. బాగానే ఉందా? ఆఖర్న ఆవిడ వానలో తడుస్తూ వెళ్ళిపోతుంది. ఎందుకెళ్ళాలి పిన్నీ? అందులోనూ వానలోనా?"

"ఊఁ."

"మా ఆవిడున్నదనుకో. నేను రేపు ఆడదాన్నయినా, ఏనుగునయినా ఒకటే అడుగుతుంది. కుళాయి కట్టేశావా అని. అంతే మా కాపురం. ఈ కథ రాసినాయనకి పెళ్ళయిందంటావా?"

సూదిపిన్ని బల్ల మీద ఉన్న గుడ్డలు అనవసరంగా సర్దింది. ఆమెకి భయంగా ఉంది. బదిలీ ఊరంటే కాదు, జనమంటే కూడా అంత కాదు. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉండి, కొలతలు తీయడమే వృత్తిగా బతికి, పక్కనున్న మనిషి కొలత తనకి అంతుచిక్కలేదే అన్నది ఆమెను తినేస్తోంది. పైగా కోపం. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కుట్టిందే, ఇంట్లో ఒక ఆడమనిషి నప్పని మగచొక్కాల్లో తిరుగుతుంటే నోరు తెరిచి చెప్పరా? ఆ మనిషంటే ఆమెకి ఇష్టం. ఆ సంగతిలో ఎప్పుడూ అనుమానం లేదు. ఇష్టం ఉంటే చాలా అన్నదే తేలడం లేదు.

"జోడు కోటు! జోడు కోటు కావాలి!" అని కేకేస్తూ దుస్తుల మేడమ్ పరుగెత్తుకొచ్చింది. సినిమాలో ఎవరు ఏం వేసుకోవాలో నిర్ణయించేది ఆవిడే. మెడలో రకరకాల పూసలు, మొహంలో ఎప్పుడూ ఇల్లు తగలబడుతున్న హడావిడి. హీరో వేసుకునే ప్రతి దుస్తునీ రెండేసి కుడతారు, ఒకటి పాడైతే రెండోది సిద్ధంగా ఉండాలని. ఆ రెండోదే జోడు. పెళ్ళికోటు చంకల్లో చెమటతో తడిసి ముద్దయిందట. కిందటి వారం సూదిపిన్ని కుట్టిన జోడు ఇంకా ఎవరూ తొడగలేదు.

సూదిపిన్ని కోటు చేతిమీద వేసుకుని మేడమ్ వెనకాలే షూటింగ్ జరిగే చోటికి నడిచింది. అక్కడ పూర్వకాలపు పడగ్గదొకటి కట్టారు. మూడు గోడలే ఉన్నాయి. నాలుగో గోడ ఉండాల్సిన చోట దర్శకుడు కూర్చుని జుట్టు పీక్కుంటున్నాడు. హీరో అద్దం ముందు నిలబడి పెళ్ళికోటు గుండీలు పెట్టుకోవాలి, అంతే సన్నివేశం. పొద్దున్నుంచీ అదే తీస్తున్నారు.

"నువ్వు గుండీలు పెట్టుకుంటుంటే చొక్కాల ప్రకటనలా ఉందయ్యా! ఆ కోటు నీది కాదు. ఆ పెళ్ళికొడుకు వేషం నీది కాదు. లోపల ఎవరో ఉన్నారు, బయట ఎవరో ఉన్నారు. అది నీ వేళ్ళలో కనపడాలి!"

"వేళ్ళలో ఎలా కనపడుతుంది సార్?" అన్నాడు హీరో దీనంగా. మంచి కుర్రాడే. తెల్లవారుఝామునే లేచి వ్యాయామం చేస్తాడు, ఆ కండలు కోటులో పట్టించడానికి సూదిపిన్ని నానా అవస్థ పడింది.

జోడు తొడిగించారు. కెమెరా తిరిగింది. హీరో అద్దంలోకి చూస్తూ పై గుండీ దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళాడు. గుండీ లేదు. వేళ్ళు తడుముకున్నాయి. అక్కడ కాజా ఉంది. రెండో చెయ్యి వచ్చింది. అటు గుండీ దొరికింది కానీ దాన్ని ఏ వైపు తోయాలో చేతికి అర్థం కాలేదు. ఒక అంచు పైకి వేశాడు, తీసి రెండోది వేశాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు. అద్దంలో తనని తానే అనుమానంగా చూసుకున్నాడు, ఈ కోటు ఎవరిదిరా అన్నట్టు. చివరికి ఒక్క గుండీ కూడా పెట్టుకోలేక రెండు చేతుల్తో కోటు గుండెలకి దగ్గరగా పట్టుకుని నిలబడిపోయాడు. ఏడవబోతున్న పిల్లాడిలా ఉన్నాడు.

దర్శకుడు కుర్చీలోంచి మెల్లగా లేచాడు.

దుస్తుల మేడమ్ మాత్రం సూదిపిన్ని మోచెయ్యి పట్టి తెర వెనక్కి ఈడ్చుకెళ్ళింది. "గుండీలు ఎటు కుట్టావు? ఎటు కుట్టావమ్మా అసలు? మగవాళ్ళ కోటుకి గుండీలు కుడివైపు ఉంటాయని నీకు నేను చెప్పాలా? అది ఆడకోటు! నా కొంప ముంచావు కదే!"

సూదిపిన్ని తెర సందులోంచి హీరో ఒంటిమీదున్న కోటు చూసింది. నిజమే. గుండీలన్నీ ఎడమవైపు తీరుగా, ముద్దుగా, ఒక్క పోగు తేడా లేకుండా ఉన్నాయి. ఆమె ఉద్యోగ జీవితంలో ఇలాంటి తప్పు చేయలేదు. కళ్ళు మూసుకుని కుట్టినా చెయ్యి కుడి ఎడమలు మర్చిపోదు. మరి ఈ చేతికేమొచ్చింది?

అప్పుడు గుర్తొచ్చింది, ఈ కోటు కుడుతున్న వారమంతా ఆమె హీరోని తలుచుకోనే లేదు. వెడల్పు భుజాలు అనుకున్నప్పుడల్లా ఇంట్లో మనిషి భుజాలే కళ్ళముందుకొచ్చాయి. ఈ భుజాల మీద ఏ కుట్టు నప్పుతుంది, చంక దగ్గర ఎంత వదలాలి, నడుం ఎక్కడ పట్టాలి అని ఆలోచిస్తూ ఆ మనిషికే కుడుతూ పోయింది. గుండీల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆమెను అడగలేదు. ఆడమనిషికి కుడుతున్నాం కదా అని ఆడవైపే కుట్టేసింది. ఆమె బుర్ర ఇన్ని రోజులు కొట్టుకుని తేల్చలేని సంగతి చెయ్యి కిందటి వారమే తేల్చి, ముడేసి, దారం కొరికేసింది.

ఆమెకి నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, కడుపులోంచి తన్నుకొచ్చిన నవ్వు. నోట్లో సూదులతో నవ్వకూడదు కనక ముక్కులోంచి వింత శబ్దం చేసింది. దుస్తుల మేడమ్ హడలిపోయి, "మింగావా? సూది మింగావా?" అని వీపు మీద చరిచింది.

అంతలో అవతలి నుంచి దర్శకుడి గొంతు వినపడింది. "ఎవరిది? ఈ గుండీల ఆలోచన ఎవరిది?"

దుస్తుల మేడమ్ తెర తీసుకుని బయటికి అడుగుపెట్టేలోపలే మొహం మార్చేసింది. "మేము చాలా రోజులుగా చర్చించుకుంటున్నాం సార్. పాత్ర మనస్తత్వాన్ని బట్టి వెళ్ళాం."

"అద్భుతం! ఆడకోటులో పెళ్ళికొడుకు! చూసేవాడికి కారణం తెలీదు, కానీ గుండెలో గుచ్చుకుంటుంది. నేను మొదట్నుంచీ అంటున్నది ఇదే." దర్శకుడు హీరోని కౌగలించుకున్నాడు. హీరో ఇంకా గుండీ పెట్టుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉన్నాడు. "పెళ్ళిఫోటో సన్నివేశం మళ్ళీ తీస్తున్నాం. ఈ కోటుతోనే!" అనగానే నిర్మాత తరఫు మనిషి గోడకి చేరగిలబడ్డాడు. అది నిజం గోడ కాదు కాబట్టి గోడా ఆయనా కలిసి వెనక్కి వాలారు.

ఆ సందడిలో దుస్తుల మేడమ్ చల్లగా వచ్చి, "మొదటి కోటుకి కూడా గుండీలు మార్చెయ్. ఇప్పుడే," అంది.

సూదిపిన్ని మెడలోని టేపు మడిచి సంచిలో వేసుకుంది. తల అడ్డంగా ఊపింది. గుమ్మం వైపు, గడియారం వైపు చెయ్యి చూపించింది. వెళ్ళిపోయింది. ఆమె పని మధ్యలో వెళ్ళడం ఎవరూ ఎరగరు కనక ఆపాలని ఎవరికీ తట్టలేదు.

బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగాడు. "ఊఁ," అంది. మళ్ళీ అడిగాడు. మళ్ళీ "ఊఁ" అంది. ఎదుటి సీటులో ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి, "పాపం, మాట రాదేమో బాబూ," అంది జాలిగా. అప్పటిగ్గానీ సూదిపిన్నికి తెలిసిరాలేదు. ఒక్కొక్కటే సూది నోట్లోంచి తీసి సంచి పట్టీకి గుచ్చింది. "వచ్చు," అంది. ఊరి పేరు చెప్పి టికెట్టు తీసుకుంది.

ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. ముందుగదిలో పెట్టె సర్ది పెట్టి ఉంది. దాని పక్కన ఇంట్లో మనిషి నిలబడి ఉన్నారు. లేత నీలంరంగు ఆడచొక్కా వేసుకున్నారు. బజార్లో కొన్నది. జుట్టు నున్నగా వెనక్కి దువ్వారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆమె వస్తుందో రాదోనని ఎంతసేపట్నుంచి అలా నిలబడ్డారో, కళ్ళు అరుగు దాటి వీధిలోనే ఉన్నాయి.

సూదిపిన్ని గుమ్మంలో ఆగింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకుంటూ వచ్చింది. మంచి మాటలే కుదిరాయి కూడా. ఆ చొక్కా చూసేసరికి అవన్నీ ఎగిరిపోయాయి.

"ఏవండీ, ఎవడు కుట్టాడండీ ఇది?"

"బజార్లో... రెడీమేడ్."

"చేతులు పైకెత్తండి. ఎత్తండి చెప్తాను! చూడండి, చంకలో ఎలా పీక్కుపోయిందో. భుజం ఇక్కడుంటే కుట్టు అక్కడుంది. చెయ్యి మణికట్టు దాకా కూడా రాలేదు. దీన్ని డబ్బిచ్చి కొన్నారా? నన్నడగొచ్చు కదా!"

"ఎలా అడగను?" అన్నారు చిన్న గొంతుతో. "నువ్వు కుట్టనంటావేమోనని."

సూదిపిన్ని సంచి వైపు చెయ్యి చాపింది. ఈసారి సూదుల కోసం కాదు. టేపు తీసింది. ముక్కాలిపీట కాలితో దగ్గరికి లాక్కుని ఎక్కింది, ఆ భుజాలు అందాలంటే ఆమెకి పీట కావాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా భుజం కొలిచింది. చెయ్యి పొడుగు కొలిచింది. ఛాతీ చుట్టూ టేపు తిప్పి ఆగింది.

"ఊపిరి బిగబట్టారు. వదలండి."

"వదిలాను."

"వదల్లేదు. నా చేతికి తెలుస్తోందిగా. ఎంతకాలం ఇలా బిగబట్టుకుని ఉంటారు? వదిలెయ్యండి."

ఆవిడ వదిలారు. భుజాలు దిగాయి, పొట్ట దిగింది, మొహం దిగింది. ఇన్నేళ్ళ కాపురంలో సూదిపిన్ని ఆ మనిషి అసలు కొలత చూడటం అదే మొదలు. టేపు రెండు వేళ్ళు ముందుకు జరిగింది. అలా టేపు పట్టుకునే నిలబడింది, ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. ఆవిడ తన పొడుగాటి చేత్తో ఆమె చెవి వెనక సుద్దముక్క కింద పడకుండా పట్టుకున్నారు.

"నాకు ఒక్క మాట చెప్పలేదు నువ్వు," అన్నారు చివరికి.

"చెప్తున్నాను వినండి. సినిమా పూర్తవ్వాలి. ఒక కోటు తప్పు కుట్టాను, ఇంకోటి కూడా అలాగే తప్పు కుట్టమంటున్నారు. అదయ్యాక మిషన్ తీసుకుని వస్తాను. కిటికీకి వెలుతురు ఏ వైపు నుంచి వస్తుందో చూసి ఉంచండి. ఎడమ నుంచి రావాలి. నేనొచ్చేదాకా ఈ చొక్కాతో డిపోలో తిరగొద్దు. దర్జీ పెళ్ళాం ఉండి ఇలాంటిది వేసుకున్నారంటే నా పరువు పోతుంది."

"మరి ఏం వేసుకోను?"

సూదిపిన్ని నీలం చొక్కా విప్పించి, తలుపు వెనక వేలాడుతున్న తన వదులు కోటు తొడిగింది. పొడుగు చాలలేదు. భుజాలు మాత్రం విచిత్రంగా సరిపోయాయి. ఇద్దరూ అద్దంలో చూసి ఒకేసారి, "బాగుంది," అన్నారు. అంత బాగా ఏమీ లేదు.

వీధి మలుపులో బస్సు ఆగింది. తోలుతున్నది ఆవిడ పాత డిపో మనిషే. తలుపు తెరిచి, కిందనున్నావిడని చూసి, మళ్ళీ చూసి, బ్రేకు బిగించాడు. ఆ తర్వాత దిగొచ్చి పెట్టె అందుకున్నాడు. "ముందు సీటు ఖాళీగా ఉంది, కూర్చోండి. కానీ నా గేర్ల గురించి ఒక్క ముక్క అనకూడదు, ఇప్పుడే చెప్తున్నా," అన్నాడు. ప్రహరీ మీంచి చూస్తున్న పక్కింటి వదిన ఏమనాలో తోచక, "జాగ్రత్త అక్కయ్యా!" అని అరిచేసింది. ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలీక చెంగున లోపలికి పోయింది. బస్సు కదిలింది. ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. డ్రైవరు గేరు మార్చడం చూసి మొహం చిట్లించడం మాత్రం సూదిపిన్నికి కనపడింది.

ఆమె ఇంట్లోకి వచ్చి దీపం వేసింది. ఇల్లు పెద్దదైపోయినట్టుంది. ఏదో ఒక పని పెట్టుకుంటే తప్ప ఊపిరాడదని, నీలం చొక్కా విప్పదీద్దామని మిషన్ దగ్గరికి నడిచింది. అక్కడ ఆమె చెక్క కుర్చీలో, ఇన్నేళ్ళూ రోజూ బస్సులోకి వెళ్ళి వచ్చిన డ్రైవరు సీటు దిండు ఉంది, నడుమ గుంటపడి, ఒక పక్కకి కాస్త ఒరిగి, ఎవరో ఇప్పుడే లేచి చోటిచ్చినట్టుగా.